పురుగు అలవాటు పడలేదు

ఇబ్రహీంపట్నమునుండి తిరువూరు వైపు సాగు రహదారి వెంట కొండపల్లి గుట్టలను దాటి పోవువానికి జి.కొండూరు, మైలవరము పరిసరములలో ముందుగా కనబడునవి మామిడితోటలు. అచ్చటినుండి పడమటికి మరలి కంచికచర్ల, నందిగామల మీదుగా జగ్గయ్యపేట చేరునప్పటికి నేల నల్లరేగడియై, మామిడి వెనుకబడి, పత్తియు మిరపయు ముందునకు వచ్చును. కృష్ణా డెల్టా కాలువల నీరు చేరని ఈ భాగమును పెద్దలు మెట్ట యనిరి. 2022 ఏప్రిలులో ఇది ఎన్టీఆర్ జిల్లాలోనికి పోయినను, కృష్ణా జిల్లా మెట్ట యనుటయే ఇప్పటికిని పలువురి వాడుక. జీవులలోని వైవిధ్యమును, ఆ వైవిధ్యముమీద పనిచేయు వరణమును, అనగా ఏరివేతను, తెలిసికొనగోరువానికి ఈ మెట్టను దాటి దూరము పోవలసిన పనిలేదు. ఏలయన, మనుష్యుడు తెలిసి చేసిన ఏరివేతకు మామిడితోటయు, తెలియక చేసిన ఏరివేతకు పత్తిచేనును ఇచ్చట ఇరుగుపొరుగున నిలిచియున్నవి.

చార్లెస్ డార్విన్ 1859లో ప్రకటించిన జాతుల ఉత్పత్తి గ్రంథము, పలువురు తలచునట్లు, గాలాపగోస్ ద్వీపముల పక్షులతో ఆరంభము కాలేదు. దాని మొదటి అధ్యాయము పెంపుడు జంతువులను, తోటమొక్కలను, అన్నిటికంటె విపులముగా పావురములను గూర్చినది. పావురములను పెంచువారి మాటలు వినుటకై లండనులోని రెండు పావురముల సంఘములలో సభ్యుడుగా చేరిన ఆ మహాశయునకు ఒక సంగతి బాగుగా తెలియును: ప్రకృతి యుగయుగములుగా చేయు పనిని పాఠకునిచేత ఒప్పింపవలెనన్న, మనుష్యుడు తన కండ్లముందు తన చేతులతో చేయు పనిని ముందు చూపవలయును. ఆ పద్ధతినే నేనును అనుసరింతును. కాని పావురములకు బదులు మామిడిని తీసికొందును.

మామిడి టెంకను నాటినవారందరకు తెలిసిన విషయమొకటి కలదు. ఎంత మధురమైన చిన్నరసమును తిని దాని టెంకను పెరటిలో పాతినను, ఏండ్లు గడచిన తరువాత ఆ చెట్టు కాచునది చిన్నరసమే కానక్కరలేదు; పీచు హెచ్చి పులుపుదేరవచ్చును, కాయ చిన్నబోవచ్చును, మిక్కిలి అరుదుగా తల్లికన్న మేలైనదియు కావచ్చును. దీనికి కారణము నేలయు కాదు, నీరును కాదు. మామిడిచెట్టులోని ప్రతి జీవకణమునందును నలువది క్రోమోసోములు ఇరువది జతలుగా ఉండును. అండము గాని పుప్పొడిలోని పురుషబీజము గాని తయారగునప్పుడు ప్రతి జతనుండియు ఒక్కటి మాత్రమే దానిలోనికి పోవును. ఏది పోవునన్నది కేవలము యాదృచ్ఛికము. జతలోని రెండును పరస్పరము భిన్నములైనచో, మామిడిలో అవి సాధారణముగా భిన్నములే కనుక, ఒక్క చెట్టు పది లక్షలకు పైబడిన విధముల బీజకణములను సిద్ధము చేయగలదు. అట్టి రెండు చెట్ల కలయికవలన పుట్టదగిన సంతానపు రకములు లక్ష కోట్లను మించును. విడిపోవుటకు ముందు జతలోని క్రోమోసోములు తమ ముక్కలను ఒండొంటితో మార్చుకొనును గనుక, వాస్తవముగా ఈ లెక్కకును హద్దు లేదు. పూతమీద వ్రాలు ఈగలు ఏ చెట్టు పుప్పొడిని ఏ చెట్టునకు మోసికొనిపోయినవో ఎవరును చూడలేదు. కావున టెంకనుండి మొలిచిన ఇంచుమించు ప్రతి మామిడియు లోకములో అంతకుముందు లేని క్రొత్త ప్రాణి.

ఈ క్రొత్తదనమే మనపూర్వులకు దొరకిన మూలధనము. గట్లమీదను, ఊరిబయళ్ళయందును తమంతట తాము మొలిచిన వేలకొలది నాటుచెట్లలో ఒకదాని రసము తియ్యగా ఉండుట, వేరొకదాని కండ పీచులేక గట్టిగా ఉండుట, ఇంకొకదాని పులుపు ఆవకాయకు ఒదుగుట ఎవరో కనిపెట్టి, ఆ చెట్టు కొమ్మను తెచ్చి అంటు కట్టిరి. చిన్నరసము, పెద్దరసము, చెరుకురసము, సువర్ణరేఖ, జనులు కలెక్టరని పిలుచు తోతాపురి, ఇవన్నియు అట్లు ఏరబడినవే. ఇది కృత్రిమ వరణము. ఇందులో మనుష్యుడు చేసిన పని ఎంత, చేయని పని ఎంత యని జాగ్రత్తగా విభజించి చూడవలయును. తీపిని అతడు సృష్టింపలేదు. పీచులేమిని అతడు కనిపెట్టలేదు. అవి అతడు చూచుటకు ముందే ఆ చెట్టులో ఉన్నవి. అతడు చేసినది ఎన్నుకొనుట మాత్రమే.

ఎన్నుకొనిన పిమ్మట మామిడిలో మరియొక విచిత్రము జరిగినది. అంటుమొక్క సంతానము కాదు. తల్లిచెట్టులో ఒక భాగమే. బనగానపల్లె ఊరిపేరును మోయుచు 2017లో భౌగోళిక గుర్తింపును పొందిన బంగినపల్లి, నూజివీడునుండి జి.కొండూరు వరకు ఎన్ని తోటలలో ఎన్ని వేల చెట్లుగా కనబడినను, జీవశాస్త్రదృష్టికి అది ఇంచుమించు ఒకే చెట్టు. అంటుకత్తి పడిన చోట క్రొత్త కలయికలు నిలిచిపోయినవి. రైతునకు ఇది లాభమే. సంతలో బేరగాడు అడుగునది నిన్నటి రుచియే గాని రేపటి వింత గాదు. కాని ఆ చెట్టునకు సరిపడని తెగులొకటి వచ్చిననాడు తోటలోని చెట్లన్నియు ఒకే విధముగా దానికి లొంగును. తట్టుకొనునది ఒకటియు మిగులదు. ఐర్లండు దేశములో 1845లో ఉర్లగడ్డపైరు కుళ్ళి దేశమునకు దేశమే కరవులో పడుటకు ఒక కారణము, అచ్చటి బీదలు దుంపలనే విత్తనముగా నాటుచు ఒకే రకమును దేశమంతట నింపుటయే.

ఇంతకును ఈ వైవిధ్యము మొట్టమొదట ఎచ్చటినుండి వచ్చినది? క్రోమోసోముల కలయిక ఉన్నదానిని మరల మరల కలుపును గాని లేనిదానిని తేజాలదు. క్రొత్తదానిని తెచ్చునది ఉత్పరివర్తనము. అనగా జన్యుపదార్థమైన డి.ఎన్.ఏ.ను కణము ప్రతివ్రాయునప్పుడు దొరలు తప్పు. మనుష్యుని ప్రతి శిశువునందును తల్లిదండ్రులలో లేని ఇట్టి తప్పులు సుమారు అరువది ఉండునని నేటి లెక్క. వీనిలో అధికభాగమునకు ఏ ఫలితమును లేదు, కొన్ని హానికరములు, ఎన్నడో ఒకటి, ఏదో ఒక పరిస్థితిలో, ఉపయోగపడును. ఏదో ఒక పరిస్థితిలో అనుటను పాఠకుడు మరువరాదు. తైవాన్ దేశపు పొట్టివరి యగు డీ-జియో-వూ-జెన్‌లో, మొక్కను పొడవుగా పెంచు గిబ్బరెల్లిన్ అను పదార్థమును తయారుచేయు జన్యువొకటి చెడిపోయి యుండెను. ఎరువులేని పాతకాలపు పొలములో పొడుగు మొక్కల నీడన అది ఓడిపోవును. ఎరువు పోసిన మాగాణిలో పొడుగువరి పడిపోవుచుండగా ఇది నిలువబడి వెన్ను నింపును. ఆ చెడిన జన్యువునుండియే 1966లో ఐ.ఆర్. 8 వచ్చినది, మరుసటి యేడు పశ్చిమగోదావరి ఆచంటలో నెక్కంటి సుబ్బారావు గారు దానిని పండించి చూపిరి. ఒకే తప్పు ఒకచోట లోపము, వేరొకచోట వరము. జన్యువునకు స్వతహాగా మంచి చెడ్డలు లేవు.

లేని వైవిధ్యమును వరణము సృష్టింపలేదనుటకు సాంబమసూరియే చాలు. బాపట్లలో పుట్టి బి.పి.టి. 5204 అను సంఖ్యతో 1986లో విడుదలయైన ఆ సన్నబియ్యపు వరి, తెలుగువారి విస్తరిని నాటినుండి నేటివరకు ఏలుచున్నను, ఎండాకు తెగులునకు మిక్కిలి లోకువ. దానిలోనే ఎంత వెదకినను నివారణ దొరకలేదు. ఏలయన, అందులో అది లేదు. హైదరాబాదులోని వరి పరిశోధన సంచాలక కార్యాలయమును, కణ-అణుజీవశాస్త్ర కేంద్రమును కలిసి, తెగులును ఓర్చు మూడు జన్యువులను ఇతర వరులనుండి తెచ్చి, ప్రతి తరమునందును డి.ఎన్.ఏ. గుర్తులనుబట్టి మొక్కలను ఏరి, 2008లో మెరుగు పరచిన సాంబమసూరిని ఇచ్చిరి. ఆ మూడింటిలో ఒకటి ఆఫ్రికాఖండములోని మాలీదేశపు అడవివరినుండి వచ్చినది. ఆ గడ్డిని ఎవరో భద్రపరచి యుండనిచో మన పొలములో ఈ మందు లేదు.

డార్విన్ కృత్రిమ వరణమును రెండుగా విడదీసెను: ఒకటి ఉద్దేశపూర్వకము, రెండవది అజ్ఞాతము. ఫలానా రకమును పుట్టింతునని పూనుకొనక, ఉన్నవానిలో మేలైనదానిని ఉంచుకొని తక్కినదానిని అమ్మివేయుటవలననే తరములు గడచుకొలది జాతి మారిపోవుట ఈ రెండవది. ఒంగోలు పశువు ఇట్టి వరణముయొక్క ఫలము. బండలాగుడు పందెములో నిలిచిన గిత్తను ఆబోతుగా విడిచి, నిలువనిదానిని కోడెప్రాయములోనే కొట్టించి నాగటికి కట్టిన రైతునకు జన్యువను మాటయే తెలియదు. అయినను ఆతని వరణము ఎంత నిశితమో బ్రెజిలు దేశపు పశువుల మందలను అడిగిన చెప్పును. అచ్చటి మాంసపు పశువులలో అత్యధికభాగమగు నెలోర్ జాతి మన నెల్లూరు పేరును ధరించిన ఒంగోలు సంతతియే.

అజ్ఞాత వరణములో ఇంకొక మెట్టు కలదు. దానిని డార్విన్ చూడలేదు. మన మెట్టరైతు చూచినాడు.

1980 ప్రాంతమున సింథటిక్ పైరెత్రాయిడ్లనబడు క్రొత్త మందులు, సైపర్‌మెత్రిన్, ఫెన్వలరేట్ మున్నగునవి, మన పత్తిచేలలోనికి వచ్చినవి. చేమంతిజాతి పూలలోని సహజవిషమును చూచి రసాయనికులు కల్పించిన ఈ మందులు పురుగు నరములలోని సోడియం ద్వారములను మూసికొననీయక దానిని కంపింపజేసి చంపును. కొలది మోతాదుతో పురుగు అక్కడికక్కడే రాలుట చూచి రైతు సంబరపడినాడు. ఐదారేండ్లు గడచినవి. 1987–88 పంటకాలమున కోస్తా జిల్లాల పత్తిలో శనగపచ్చ పురుగు విరుచుకొని పడినది. వారమునకు రెండుమార్లు కొట్టినను, మోతాదు రెట్టించినను, రెండు మూడు మందులను కలిపి కొట్టినను అది చావలేదు. గూడయు కాయయు రాలి, అప్పు మిగిలి, ప్రకాశము, గుంటూరు జిల్లాలలో రైతులు ఆ పురుగుమందునే త్రాగి ప్రాణములు తీసికొనిరి. ఆ కాలమున ఆంధ్రదేశపు పొలములనుండి సేకరించిన పురుగులను పరీక్షించి, అవి పైరెత్రాయిడ్లను ఓర్చుచున్నవని పరిశోధకులు 1989లో ప్రకటించిరి.

అప్పుడును ఇప్పుడును చేనిగట్టుమీద వినబడు వ్యాఖ్యానమొక్కటే: పురుగు మందుకు అలవాటు పడింది. ఈ మాట ఎంత సహజముగా తోచునో అంత తప్పు. కల్లు త్రాగువాడు కల్లునకు అలవాటు పడునట్లు ఏ పురుగును మందునకు అలవాటు పడలేదు. మొదటి పిచికారీ నాడే చేనిలోని లక్షల పురుగులలో, తమ దేహములోని ఎంజైములు కొంచెము చురుకుగా ఉండి విషమును ముక్కలు చేయగలిగినవియో, నరములలోని సోడియం ద్వారము ఒకింత వేరైన ఆకారము కలిగి విషమునకు పట్టు ఇయ్యనివియో, ఏవో కొన్ని ఉండెను. మందు రానిచో వాని ప్రత్యేకత ఎవరికిని తెలియకయే పోయెడిది. మందు వచ్చి తక్కిన వానిని చంపినది, అవి మిగిలినవి, మిగిలినవి పరస్పరము కలిసినవి. శనగపచ్చ తల్లిపురుగు ఒక్కొక్కటి వందలకొలది గ్రుడ్లు పెట్టును. నెలకు కొంచెము పైగా ఒక తరము. చేటతో చెరుగునప్పుడు పొల్లు ఎగిరిపోయి గింజ మిగులును గాని చేట గింజను పుట్టింపదు. మందు చేసిన పనియు అంతమాత్రమే.

పాఠకునకు సంశయము రావచ్చును: ఆ వైవిధ్యము మందునకు ముందే ఉన్నదనుటకు సాక్ష్యమేమి? మందే దానిని పుట్టించి యుండరాదా? ఈ ప్రశ్నకు సమాధానము పత్తిచేనిలో గాక అమెరికాలోని ప్రయోగశాలలో, సూక్ష్మజీవుల విషయమున, 1952లో దొరకినది. జాషువా లెడర్‌బర్గ్, ఎస్తర్ లెడర్‌బర్గ్ అను దంపతులు ఒక పళ్ళెములో బాక్టీరియా గుంపులను పెంచి, మఖమలు గుడ్డను దానిమీద అద్ది, ఆ గుడ్డను స్ట్రెప్టోమైసిన్ కలిపిన వేరొక పళ్ళెముమీద అద్దిరి. మందుగల పళ్ళెములో ఏ స్థానమున ఒక గుంపు బ్రతికినదో గుర్తించి, మందెరుగని మొదటి పళ్ళెములో సరిగా ఆ స్థానమునుండి సూక్ష్మజీవులను తీసి మరల పెంచి, ఇట్లు కొన్నిమార్లు చేయగా, ఒక్కనాడును మందును తాకని వంశమునుండియే మందును ఓర్చు బాక్టీరియా శుద్ధముగా లభించినది. నాకు తెలిసినంతలో జీవశాస్త్రమున ఇంత తక్కువ సామగ్రితో ఇంత పెద్ద వివాదమును తీర్చిన ప్రయోగము మరియొకటి లేదు.

వరణము ఎంత వేగముగా పనిచేయునో లెక్కకట్టిన వారిలో అగ్రగణ్యుడు జె.బి.ఎస్. హాల్డేన్. ఇంగ్లండులో మాంచెస్టరు నగరమున 1848లో చుక్కల రెక్కలపురుగులలో నల్లనిదొకటి దొరకినది. ఫ్యాక్టరీల మసి చెట్లబెరళ్ళను నలుపు చేయగా, తెల్లని వానిని పక్షులు ఏరి తినగా, 1895 నాటికి అచ్చట నూటికి తొంబది యెనిమిది నల్లనివే. ఈ మార్పు ఇంత త్వరగా జరుగవలెనన్న నల్లనివి తెల్లనివానికన్న ఒకటిన్నర రెట్లు సంతానమును నిలుపుకొనవలెనని హాల్డేన్ 1924లో గణించెను. ఆ మహనీయుడు 1957లో భారతదేశమునకు వచ్చి స్థిరపడి, 1964లో భువనేశ్వరమున దేహము చాలించెను. ఆయన శిష్యులలో పిఠాపురము వారైన ద్రోణంరాజు కృష్ణ ఒకరు. మన కొండపల్లి గుట్టలమీద కంపగా అల్లుకొను లాంటానా పూల రంగులలో ఏ రంగునకు ఏ సీతాకోకచిలుక పోవునో గమనించి, ఆ ఎన్నికయే ఒక జాతి రెండుగా చీలుటకు దారితీయవచ్చునని 1960లో వ్రాసినవారు ఈ కృష్ణగారే. మనుష్యుడే కాదు, సీతాకోకచిలుకయు ఏరును.

పత్తిపురుగు కథ పైరెత్రాయిడ్లతో ముగియలేదు. అసలు పాఠము తరువాతి అంకములో నున్నది. జపానులో 1901లో పట్టుపురుగులను చంపు వ్యాధికి కారణముగాను, జర్మనీలోని తురింజియా ప్రాంతమున 1911లో పిండిపురుగులలోను గుర్తింపబడిన ఒక బాక్టీరియా, పురుగు ప్రేగుగోడను తూట్లుపొడుచు ప్రొటీనును తయారుచేయును. ఆ ప్రొటీను జన్యువును పత్తిలో ప్రవేశపెట్టినదే బీటీ పత్తి. మనదేశమున 2002లో ఒక జన్యువు గలదానికి, 2006లో రెండు జన్యువులు గలదానికి అనుమతి లభించినది. కొలది యేండ్లలోనే దేశపు పత్తివిస్తీర్ణములో తొంబది శాతమునకు పైగా అదియే ఆక్రమించినది. శనగపచ్చ పురుగు తగ్గిపోయినది. నందిగామ రైతు పిచికారీ డబ్బాను కొంతకాలము అటకమీద పెట్టినాడు.

చేనిలో రెండు పురుగులున్నవి, విషమొక్కటే, ఫలితములు రెండు. శనగపచ్చ పురుగు పత్తిని మాత్రమే నమ్ముకొనినది కాదు. శనగ, కంది, టమాటా, మిరప, పొద్దుతిరుగుడు, ఏది దొరకిన దానిని తినును. పత్తిచేనిలో ఓర్పుగల పురుగొకటి మిగిలినను, పొరుగున కందిచేనిలో విషమే ఎరుగక పెరిగిన వందల పురుగులు వచ్చి దానితో జతకట్టును. గులాబీరంగు పురుగు అట్టిది కాదు. అది ఇంచుమించు పత్తినే తిని బ్రతుకును. కాయలోనికి దూరి రెండు గింజలను జంటగా అల్లుకొని అందులో నిద్రించును. మొగ్గలో చేరి పువ్వును విప్పారనీయక గుడ్డిపువ్వును చేయును. దేశములోని పత్తి ఇంచుమించు అంతయు బీటీ అయినప్పుడు ఈ పురుగునకు తినుటకు విషము తప్ప వేరొకటి లేకపోయినది. చచ్చుట, లేదా ఓర్చుట, ఈ రెండే దానికి మిగిలినవి. అంతటి కఠినమైన వరణము ఏ ప్రయోగశాలలోను ఎవరును చేసియుండరు. గుజరాతులో 2008లో సేకరించిన గులాబీ పురుగులు మొదటి విషమును ఓర్చినవి. 2014–15 నాటికి రెండవదానినియు ఓర్చినవి. 2017 నాటికి మహారాష్ట్రము, తెలంగాణము, ఆంధ్రము, అన్నిచోట్లను కాయలు పుచ్చినవి. పురుగు ప్రేగులో విషము అంటుకొను కాదెరిన్ అను ప్రొటీనుయొక్క జన్యువే చెడిపోయి, విషమునకు పట్టులేక పోవుట ఇందులకు ముఖ్యకారణములలో ఒకటి. అదియు ఒకే విధముగా గాక, వేర్వేరు పురుగులలో వేర్వేరు తీరుల చెడినట్లు పరిశోధకులు కనుగొనిరి. ఒక్క పురుగు చేసిన తంత్రము కాదది. దేశములో పలుచోట్ల, ఒండొంటికి సంబంధము లేక పుట్టిన తప్పులను ఒకే విషము ఒక్కచోటికి ఏరి తెచ్చినది.

ఇట్లగునని శాస్త్రజ్ఞులకు ముందే తెలియును, నివారణయు తెలియును. దానిని ఒక లెక్కతో చెప్పెదను. విషమును ఓర్చు జన్యుప్రతి వెయ్యి ప్రతులకు ఒకటి కలదనుకొందము. అది అంతర్గత లక్షణము గనుక, తల్లినుండియు తండ్రినుండియు రెండు ప్రతులును అదియే వచ్చిన పురుగు మాత్రమే బీటీ పత్తిలో బ్రతుకును. అట్టిది పది లక్షలకు ఒకటి. ఒక ప్రతి మాత్రమే కలవి, ఆ పది లక్షలలో సుమారు రెండువేలు, అవియు చచ్చును. ఇప్పుడు చేను చుట్టును బీటీ కాని పత్తి కొన్ని వరుసలున్నవనుకొందము. అచ్చట విషము లేదు గనుక సామాన్యపు పురుగులు వేలకొలది పెరుగును. బ్రతికిన ఆ ఒక్కగానొక్క పురుగు రెక్కలు వచ్చి జతకొరకు వెదకినప్పుడు దానికి దొరకునది ఆ వేలలో ఒకటి. వాని సంతానములో ప్రతిదానికిని ఓర్పు ప్రతి ఒక్కటే. మరుసటి తరములో అవియన్నియు బీటీ ఆకును తిని చచ్చును. చుట్టువరుసలు లేనిచో, బ్రతికినది బ్రతికినదానితోనే కలియును, సంతానమంతయు ఓర్పుగలదే. పురుగును బ్రతుకనిచ్చు వరుసలే పురుగునుండి చేనిని కాపాడును. ఇది వినుటకు విపరీతముగా నున్నను, వరణశాస్త్రములో దీనికన్న సూటియైన సత్యము లేదు.

నియమము కాగితముమీద ఉండెను. 450 గ్రాముల బీటీ గింజలతోపాటు 120 గ్రాముల నాన్ బీటీ గింజల పొట్లము ప్రతి సంచిలోను వచ్చెడిది. దానిని విత్తినవారు స్వల్పము. రైతును నిందించుట సులభము. కాని రెండెకరముల కౌలుభూమిలో ఐదు వరుసలను పురుగుల పాలుచేయుమన్న, ఎందుకో విప్పి చెప్పువాడు లేనప్పుడు, ఎవడు చేయును? నా అభిప్రాయమున తప్పులో పెద్దపాలు, గింజను అమ్మి వివరణను అమ్మనివారిది. దీనికితోడు మనదేశమున అమ్మినవి సంకరపు గింజలు. తల్లిదండ్రులలో ఒకరినుండి మాత్రమే విషజన్యువు వచ్చినప్పుడు ఆ మొక్క కాయలోని గింజలలో పావుభాగమునకు ఆ జన్యువు రాదు. గింజనుండి గింజకు తొలుచుకొనిపోవు పురుగునకు ఒకచోట విషము, ఒకచోట నిర్విషము, ఒకే కాయలో ఎదురగును. ఒక ప్రతి మాత్రమే గల పురుగులు కొన్ని ఈ సందులో తప్పించుకొనును. పైపెచ్చు, నీరున్నదని పైరును వేసవివరకు సాగదీయుటతో ఏడాది పొడుగున పురుగునకు ఆహారము దొరకినది.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రమున 1996నుండి అదే పత్తి, అదే పురుగు. అచ్చటి రైతులు నాన్ బీటీ పత్తిని నియమప్రకారము వేసిరి. పదియేండ్లకు పైగా పురుగు విషమునకు లొంగియే యుండెను. 2006నుండి వంధ్యత్వము కలిగించిన రెక్కలపురుగులను విమానములనుండి కోట్లకొలది విడిచి, మిగిలినవానికి సంతానము లేకుండ జేసిరి. 2018లో అమెరికా పత్తిపొలములనుండి గులాబీ పురుగు నిర్మూలమైనదని ఆ ప్రభుత్వము ప్రకటించినది. చైనాలోని యాంగ్జీలోయ కథ ఇంకను వింత. అచ్చట విత్తనపు ఖర్చు తగ్గునని సంకరముల రెండవతరపు గింజలను రైతులు వేసిరి. మెండెల్ సూత్రము ననుసరించి వానిలో పావుభాగము నాన్ బీటీ మొక్కలే. ఎవరును ఉద్దేశింపకయే చేనంతట చుట్టువరుసలు పరచినట్లయి, తల ఎత్తుచున్న ఓర్పు వెనుకకు తగ్గినదని 2017లో ప్రకటితమైనది. అజ్ఞాత వరణము అన్నివేళలను మనకు కీడే చేయునని లేదు.

మనకు మిగిలిన ఉపాయములు కొత్తవి కావు, ఖరీదైనవియు కావు. ఇప్పుడు నాన్ బీటీ గింజలను అదే సంచిలో కలిపి ఇచ్చుచున్నారు. వానిని ఏరి పారవేయకుడు. గుడ్డిపూలను కనిపించిన వెంటనే గిల్లి నాశనము చేయుడు. లింగాకర్షక బుట్టలను పెట్టి రెక్కలపురుగుల రాకను కనిపెట్టుడు. ఇంకొక తీతకు వచ్చునని సంక్రాంతి దాటువరకు పైరును నిలుపకుడు. డిసెంబరు చివరకు పత్తిని ముగించి, మోళ్ళను వంటచెరకుగా ఇంటిచుట్టు పేర్చుకొనక పీకి ముక్కలుచేసి నేలలో కలియదున్నుడు. పురుగు మరుసటి జూనువరకు నిద్రించునది ఆ మోళ్ళకు మిగిలిన ఎండుకాయలలోనే.